చీఫ్ గొంతు ఎన్ని పాయింట్లు?

2023 ఎండాకాలం. కర్నూలు పాతబస్తీలో మా డీటీపీ షాపు. పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీలు మాకు అన్నం పెడతాయి. నాకు ఇష్టమైన పని మాత్రం కామిక్స్‌కు లెటరింగ్. అంటే, బొమ్మలోని మనుషుల నోటి దగ్గర బెలూన్ గీసి, దాని తోకను మాట్లాడేవాళ్ళ వైపు తిప్పి, లోపల మాటలు పేర్చడం. చెప్పినంత సులువు కాదు. ఇంగ్లీషులో మనిషి అరిస్తే పెద్దబడి అక్షరాలు, అదే క్యాపిటల్స్, వేసేస్తారు. మన అక్షరాల్లో పెద్దబడి, చిన్నబడి లేవు. గొంతు పెంచాలంటే పాయింట్లు పెంచాలి. పాయింటంటే అక్షరం కొలత. పెంచితే పైన గుడి, కింద ఒత్తు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి.

ఆ మే నెలలో పీరన్న వచ్చాడు. రిటైరైన హెడ్ కానిస్టేబుల్. తెల్ల చొక్కా, ఇంకా పోని పోలీసు మీసం, చంకలో సొంతంగా గీసిన కామిక్. వాళ్ళది మా అమ్మవాళ్ళ ఊరే కాబట్టి చిన్నాయనా అన్నాను. కథ రెండు వందల ఏండ్ల తర్వాతది. తుంగభద్ర ఎండి ఇసుక మేటైపోయింది. నీళ్ళకు కాపలాగా ఒక పోలీసు దళం. దానికి పైన చీఫ్. ఏ బొమ్మలోనూ చీఫ్ ముఖం కప్పిన హెల్మెట్ తీసి ఉండదు. మనిషికి ఒక బిందె, రెండోది ముట్టుకుంటే జైలు. అందరికీ హడల్.

పుస్తకం వేస్తానన్న హైదరాబాదు పబ్లిషర్ నాకు ఫోన్లో ముందే చెప్పాడు. "చీఫ్ విలనండీ. నోరు తెరిస్తే పేజీ అదరాలి." సరేనని చీఫ్ మాటలన్నీ లావుపాటి అక్షరాల్లో, ముళ్ళ ముళ్ళ బెలూన్లలో పెట్టాను. నా పనితనానికి నేనే మురిసిపోయి పీరన్నను పిలిచాను.

ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "అమ్మా నూర్జా, చీఫ్ ఎందుకట్లా అరుస్తాండాది?"

"అరుస్తాండాడు అనాల చిన్నాయనా," అని నవ్వాను. బొమ్మ గురించి అంటున్నాడనుకున్నాను.

ఆయన నవ్వలేదు. "తగ్గించమ్మా. శానా తగ్గించు."

ఒకసారి కాదు, వచ్చినప్పుడల్లా అదే మాట. నేను తగ్గిస్తే పబ్లిషర్ పెంచమంటాడు. ఇద్దరి మధ్యా నా బతుకు అడకత్తెరలో పోకచెక్కయింది. ఈలోగా ఇంకో తగువు వచ్చిపడింది. చివరి పేజీలో జనం తిరగబడి చీఫ్‌ను చంపాలని పబ్లిషర్ పట్టు. చంపకపోతే పుస్తకం వేయనన్నాడు. పీరన్న షాపుకు రావడం మానేశాడు. ఫోనెత్తడు. ఉండబట్టలేక ప్రూఫులు సంచిలో వేసుకుని ఆయన ఇంటికే పోయాను.

ఆ వీధిలో అది నీళ్ళొచ్చే రోజు. కొళాయి దగ్గర బిందెల వరస. వరస మొదట్లో ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దామె, కుడిచేయి ఒళ్ళో వాలిపోయి ఉంది. ఎడమ చేతిలో చిన్న కట్టె. ఎవరో రెండో బిందె ముందుకు తోశారు. ఆమె ఏమీ అనలేదు, కట్టెతో పక్కనున్న నీళ్ళ డ్రమ్మును మెల్లగా తట్టింది. బిందె వెనక్కి పోయింది.

పీరన్న నన్ను లోపలికి పిలిచి కుర్చీ వేశాడు. "ఆ కుర్చీలో ఉండాది మా ఇంటామె, సుంకమ్మ. పోయినేడు పక్షవాతం వచ్చినప్పటి నుంచి నోట మాట రాదు. అన్నీ అర్థమైతాయి. పేపరు చదువుతాది. మాటే రాదు."

"వీధంతా బాగా మాట వింటాండారే!"

"ఈ కొళాయి కాడ ముప్పై ఏండ్ల సర్వీసు తల్లీ ఆమెది. నేను లాఠీ పట్టుకోని అరిచినా ఎవుడూ వినల్యా. ఈమె నిదానంగా 'ఏమప్పా, ఇది ఎన్నో బిందె?' అంటే సాలు, పైల్వాన్లు గూడా బిందె కింద పెట్టేటోళ్ళు."

ఏమప్పా, ఇది ఎన్నో బిందె? మొదటి పేజీలో చీఫ్ మొదటి మాట అదే. దాన్ని నేను ముళ్ళ బెలూన్‌లో పెట్టాను.

"చీఫ్ మొగాడు కాదా చిన్నాయనా?"

"మొగాడని నేను యాడన్నా రాసినానా?"

సంచిలోంచి ప్రూఫులు తీసి తిరగేశాను. వస్తాండా, చూస్తాండా, ఒప్పుకోను. చీఫ్ మాటల్లో ఆడో మగో తెలిపేది ఒక్కటీ లేదు. మన భాషలో నేను అని చెప్పుకుంటే ఆడకైనా మగకైనా మాట ఒకటే. హెల్మెట్ చూసి నేనే చీఫ్‌కు మీసాలు ఊహించుకున్నాను.

"ముఖం గీస్తే గుర్తుపడతాది, నన్ను విలన్ను చేస్తివా అని అన్నం మానేస్తాదని హెల్మెట్ పెట్టినా," అన్నాడు. "ఆ గొంతు ఇంగ వినపడదు గదా. కాయితం మీదన్నా ఉండనీ అని మంచం పక్కన కూసోని గీసినా. ఆయప్పేమో సంపమంటాడు. యాడ సంపేది నూర్జా? పక్కనే కూసోని అన్నం తింటాండాది."

నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేశాను.

అక్కడినుంచే పబ్లిషర్‌కు ఫోన్ చేశాను. చంపొద్దండీ, హెల్మెట్ తీయిద్దాం, లోపల తల నెరిసిన ముసలామె ఉంటుంది అన్నాను. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. తర్వాత, "ఇది ముందే చెప్పి ఏడవొచ్చుగా!" అని విసుక్కున్నాడు. అది ఒప్పుకోవడమేనని నాకు తెలుసు.

పీరన్న కొత్తగా గీసిన చివరి బొమ్మలో హెల్మెట్ నేల మీద దొర్లుతోంది. చుట్టూ జనం. మధ్యలో సుంకమ్మ. బెలూన్‌లో మాట: "దాహమైతాండాది. ఎవరన్నా నీళ్ళిస్తారా?" పెద్ద బెలూన్ గీసి, నడుమ బాగా చిన్నగా, ఏడు పాయింట్లలో పెట్టాను. చుట్టూ తెల్లగా వదిలేస్తే గొంతు తగ్గినట్టు.

ఇక వాళ్ళింటికి పోయి ఆమెకు చూపించక తప్పదు. పీరన్న ఉద్యోగంలో ఏ ఎస్పీ ముందూ అంత వణికి ఉండడు. ఆమె పేజీ మీద వేలు పెట్టుకుంటూ మొత్తం చదివింది. తన ముఖం కనపడ్డ చోట ఆగి మొగుడి వైపు ఒక చూపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. ఆమె పెదవి ఒక పక్కకే నవ్వింది. తర్వాత చివరి మాట చదివి, ఊహూఁ అని తల అడ్డంగా ఊపి, పెన్ను కావాలని చేయి చాపింది. ఎడమచేత్తో దాహం మాట కొట్టేసి, కింద వంకర టింకరగా రాసింది:

"ఇంగా నీళ్ళు పట్టుకోనోళ్ళు ఎవురప్పా?"

పీరన్న దాన్ని గట్టిగా చదివాడు. ఆమె పెన్నుతో ఆయన చేతి మీద ఒకటేసి, వేలు పెదవుల మీద పెట్టింది. ఆయన మళ్ళీ చదివాడు, నిదానంగా, అచ్చం ఆమె అన్నట్టే. ఏడాది తర్వాత ఆ ఇంట్లో ఆ గొంతు వినపడింది. నేను కళ్ళు తుడుచుకోవడానికి నీళ్ళ చెంబు అడ్డం పెట్టుకున్నాను.

అప్పటినుంచి ఏ బెలూన్ చేతికొచ్చినా అక్షరం ఎంతుండాలని ముందు అడగను, ఎవరి గొంతని అడుగుతాను. చీఫ్ చివరి మాట ఏడు పాయింట్లలోనే అచ్చయింది. చిన్నగా ఉంది, వినపడలేదు అని ఇంతవరకు ఎవరూ అనలేదు.