సినిమాలో వీపు

ఇది రాయాలంటే ఇప్పటికీ సిగ్గే. నిజాం కాలంలో ఒకసారి ఇబ్రహీంపట్నంలో బస్సెక్కాం. నా భార్య ముందు ఆడవాళ్ల సీట్లో కూర్చుంది. నేను వెనక, తెలియని ముసలాయన పక్కన కూర్చుని, పట్నంలో చూసిన సినిమా ముచ్చట మొదలుపెట్టాను.

"గా ఆడమనిషి ఏడుస్తుంటే ఉత్త వీపే చూపిండ్రు తాతా! ఫొటో తీసినోనికి కండ్లు లేవా?"

ఆయన నవ్వలేదు.

"మొఖం జూస్తెనే ఏడుపు తెలుస్తదా బిడ్డా? ముందర గా నీలంచీర పిల్లను జూడు. ఎక్కినకాంచి ఏడుస్తనే ఉన్నది."

చూశాను. మెడ వంచుకుంది, భుజాలు అదురుతున్నాయి. పొద్దున అందరి ముందు ఆమెను కొట్టింది నేనే.

"ఎవరి బిడ్డనో, పాపం" అన్నాడాయన.

నా భార్య అని చెప్పడానికి నోరు రాలేదు. బస్సు ఆగాక, ఆయన దిగి కనుమరుగయ్యేదాకా ఆగి, అప్పుడు ఆమె దగ్గరికి పోయాను.