హాల్లో ఓవెన్

బోయిగూడలోని ఆ రెండంతస్తుల ఇంటికి నెట్ కనెక్షన్ కోసం తిరిగింది పెద్దకోడలు కల్పలత. కేబులువాళ్ల చుట్టూ తిరిగి బతిమాలింది, ఎండలో నిలబడి స్తంభం నుంచి తీగ లాగించింది. తీరా వైఫై డబ్బా వచ్చిన రోజు అత్త దేవమ్మ దాన్ని మేడమీద చిన్నకోడలు హిమజ హాల్లో పెట్టించింది. "చిన్నోడిది కంపెనీ పని. నీదేమున్నది, కుట్లే గద!" అంది.

కల్పలత కింది గదిలో మగ్గం వర్క్ నేర్పుతుంది. పాత కంప్యూటర్ ముందు చట్రానికి బిగించిన జాకెట్టు గుడ్డ మీద ఆమె జరీ కుడుతుంటే, మిలటరీ క్వార్టర్స్ ఆడవాళ్లు ఇళ్లలోంచే చూసి నేర్చుకుంటారు. ఆ ఇంట్లో ఆమెకంటూ ఉన్నది ఆ క్లాసొక్కటే. అదీ రోజూ మధ్యలో తెగిపోతోంది. "మేడమ్, మీ సూది గాల్లోనే ఆగిపోయింది" అని నవ్విన ఇద్దరు మానేశారు కూడా. మిగిలినవాళ్లు ఈ వారం చూసి చెబుతామన్నారు.

ఆమె చేయనిది లేదు. డబ్బా ఆపించి మళ్లీ వేయించింది. పాస్‌వర్డ్ చెరిపి మళ్లీ కొట్టింది. కంప్యూటర్‌నే మెట్ల దగ్గరికి జరిపింది. ఏం చేసినా అంతే. మరిది విజయేందర్‌కు మాత్రం ఏ తక్లీఫూ లేదు. అతని కంప్యూటర్‌కు డబ్బా నుంచి నేరుగా వైరు ఉంది. అతనికి వైరు, తనకు గాలి! తలుచుకున్నప్పుడల్లా ఆమె కడుపు మండేది. హిమజే కావాలని స్విచ్ కట్టేస్తోందని ఆమె నమ్మకం.

ఒకరోజు క్లాసు తెగగానే, దొంగను పట్టుకోవాలని ఫోన్ చేతిలో పెట్టుకుని చప్పుడు చేయకుండా మెట్లెక్కింది. డబ్బా లైట్లన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. దాని పక్కనే కొత్త మైక్రోవేవ్ ఓవెన్ గుయ్యిమంటోంది. వచ్చినవాళ్ల కళ్లల్లో పడాలని హిమజ దాన్ని వంటింట్లో కాకుండా హాల్లో, టీవీ పక్కన పెట్టుకుంది. ఆలస్యంగా లేచే మొగుడికి ఉప్మా వేడిచేస్తోంది. కల్పలత ఫోన్లో నెట్ రాక చక్రం గిరగిరా తిరుగుతోంది. ఓవెన్ టింగుమని ఆగింది. ఫోన్లో మెసేజ్‌లు టపటపా పడ్డాయి.

కల్పలత సంతోషం పట్టలేకపోయింది. అది క్లాసు కోసమేనా అంటే తనకే తెలియదు. ఆ ఓవెన్ వచ్చిన నాటి నుంచి అది హాల్లో లేకపోతే బాగుండునని ఆమెకు ఉంది.

"హిమజా, గీ ఓవెనే నెట్‌ను తింటున్నది. కిచెన్ల పెట్టు."

హిమజ నవ్వింది. "ఇన్నిరోజులకు బయటపడ్డవ్ అక్కా. దీని మీద నీ కన్ను పడ్డదని నాకెప్పుడో తెలుసు."

"కన్ను గాదే, నిజం చెప్తున్న."

"అత్తమ్మా, జెర ఇటు రా! అక్క కొత్త కత షురూ చేసింది."

ఓవెన్ తరంగాలు వైఫైకి అడ్డొస్తాయని తనూ విన్నానని, పరీక్ష పెడదామన్నాడు అప్పుడే లేచొచ్చిన విజయేందర్. అయితే కింద నెట్ పోయిందని కల్పలత చెబితే ఎవరు నమ్మాలి? కడుపుమంట ఉన్న మనిషి సాక్ష్యం ఏ ఇంట్లోనూ చెల్లదు. అందుకని దేవమ్మనే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. క్లాసులో ఉన్న ఒకామెను ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమన్నారు. విజయేందర్ పైన ఓవెన్లో కప్పుడు నీళ్లు పెట్టి బటన్ నొక్కాడు.

"అగో!" కింది నుంచి దేవమ్మ కేక. "గా పిల్ల నోరు తెరుసుకొని అట్లనే ఉన్నది! ఏమైందే దానికి?"

అతను ఆపాడు.

"మల్ల మాట్లాడుతున్నది!"

మళ్లీ నొక్కాడు.

"మల్ల ఆగింది! ఇగ చాలు తియ్యిరా, ఎవరి పిల్లనో ఏమో, పరేషాన్ చేస్తున్నవ్!"

ఓవెన్ వంటింట్లోకి పోయింది. దాన్ని మోస్తున్నంతసేపూ హిమజ ఎవరి ముఖమూ చూడలేదు. ఆ తర్వాత క్లాసు తెగలేదు. మానేసినవాళ్లలో ఒకామె తిరిగొచ్చింది. హిమజ మాత్రం అక్కా అని పిలవడం మానేసింది.

కొన్నాళ్లకు విజయేందర్ అల్వాల్‌లో వేరే ఇల్లు చూసుకున్నాడు. ఇద్దరు తోడికోడళ్లూ ఆఖరుసారి కలిసింది సామాను బండి కదిలేటప్పుడే. హిమజ గేటు దగ్గర ఆగింది.

"డబ్బా ఇగ నీదే. కింద పెట్టుకో. ఇప్పుడు సంతోషమేనా?"

క్లాసు నిలబడింది, డబ్బా దక్కింది, మేడ ఖాళీ అయింది. కల్పలత కళ్లు మాత్రం బండిలోని ఓవెన్ మీదే ఉన్నాయి.

"కొత్తింట్ల హాలు ఎంత పెద్దగుంటదే?" అని అడిగింది.