డాక్టర్ అనని మాట

మా తమ్ముని జబ్బు తిరగబెట్టింది నా వల్లనే. ఈ మాట పదిహేనేండ్ల సంది మోస్తున్న. మా ఆయనకు చెప్పలే, పాస్టరయ్యకు చెప్పలే. కండ్లు మూసుకొని దేవునికి చెప్పేటప్పుడు గూడ సగం మింగి చెప్పిన. నేనెవ్వరో నీకు తెల్వదు. అందుకే నీకు చెప్తున్న, జర ఓపిక పట్టు.

మాది బీదర్ దగ్గర కమఠాణ. నేను బడిల కన్నడ పాఠం చెప్త, ఇంట్ల మాట్లాడేది తెలుగు. చర్చిల ఆడోళ్ళ ప్రార్థన కూటం నడిపించేది గూడ నేనే. నా తమ్ముడు సుధాకర్ బొమ్మ గీస్తే గీత వంకర పోయేది గాదు. హైదరాబాద్‌ల యాడ జూసినా బిల్డింగులు లేస్తున్న రోజులవి. ఇండ్ల నక్షలు గీసే ఆఫీసుల వానికి నౌకరీ దొరికింది.

అప్పటికే వాని చేతులు చూస్తే భయమైతుండె. కడిగి కడిగి తోలు లేసిపోయింది. తాళం ఏసిననా లేదా అని సగం తొవ్వల నుంచి ఎనుకకు పోయేటోడు. అడిగిందే అడిగేటోడు. గ్యాస్ బంద్ చేసిననా అక్కా అని ఫోన్ చేసేటోడు. నేను కమఠాణల కూసొని హైదరాబాద్‌ల ఉన్న వాని పొయ్యి సంగతి ఎట్ల చెప్పాలె? ముందుగాల నవ్వొచ్చేది, తర్వాత ఏడుపొచ్చేది.

ఆడనే ఒక మనసు డాక్టర్ దగ్గరికి నేనే తోల్కపోయిన. ఆయన మస్తు నెమ్మదిగ చెప్పిండు. ఇది పిచ్చి గాదమ్మా, పాపం గాదు, అనుమానం తెగని జబ్బు అన్నడు. క్లోమిప్రమిన్ అని ఒక గోలీ రాసిండు. అది పని చేసుడు షురూ కావాలంటే వారాలు పడతదట. నోరెండుతదట, మబ్బుగ ఉంటదట. మంచిగైనంక గూడ మనంతల మనం ఒక్కసారే ఆపొద్దట, ఆయనే మెల్లమెల్లగ తగ్గిస్తడట. ఇంకొక మాట ఇంటోళ్ళకు చెప్పిండు. వాడు అడిగిందే అడిగితే ఒక్కసారి జవాబు చెప్పి ఊకోండ్రి, మళ్ళ మళ్ళ చెప్తే జబ్బుకు మేత ఏసినట్టే అన్నడు.

రెండు నెలలకు వాడు మనిషైండు. చేతుల తోలు కలిసింది. పక్కన నీళ్ళ సీసా పెట్టుకొని గుక్క గుక్క తాక్కుంట గీసుకునేటోడు. నాకైన సంతోషం దొంగది గాదు, అది మాత్రం నమ్ము.

ఆ సంతోషంల చర్చిల నిలవడి సాక్ష్యం చెప్పిన. ప్రార్థనతోటే నా తమ్ముడు బాగైండు అన్న. మందు లేదు, మాకు లేదు అన్న. ఎందుకన్న? పిచ్చి గోలీలు మింగుతాండని తెలిస్తే లోకం నోట్ల పడతడనా? అది గూడ ఉండె. కానీ అందరు నా దిక్కు చూసుకుంట కండ్లు తుడుసుకుంటుంటే నాకు మంచిగనిపించింది. అసలు సంగతి అదే.

ఆ ముచ్చట మన్నాఏఖేళ్ళి ఊరి దాకా పోయింది. ఆడ ప్రార్థన కూటాలు పెట్టినోళ్ళు కబురు పంపిన్రు, నీ తమ్ముణ్ణే తోల్కరా, వాని నోటితోటే చెప్పియ్యి అని. సుధాకర్ అబద్ధం చెప్పేటోడు గాదు. నేను చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలె, లేకుంటే దాన్ని నిజం చెయ్యాలె. నేను రెండోది పట్టుకున్న.

ఆ నెల వానికి ఆఫీసుల పని ఎక్కువుండె, డాక్టర్ దగ్గరికి నేనొక్కదాన్నే పోయిన. గోలీలు ఇట్లనే నడిపియ్యమన్నడు ఆయన. నేను వచ్చి తమ్మునితోటి వేరే చెప్పిన.

"డాక్టర్ సారు ఇగ గోలీలు బంద్ చెయ్యమన్నడు. నువ్వు మంచిగైనవట."

"ఒక్కసారే ఆపొద్దన్నడు గదక్కా?"

"అప్పుడన్నడు. ఇప్పుడు అక్కర లేదన్నడు."

"నువ్వు మంచిగ విన్నవా? నేనొక్కసారి ఫోన్ చేసి అడుగనా?"

"తమ్మీ, ఇది నువ్వు అడుగుతలేవు, నీ జబ్బు అడుగుతాంది. ఒక్కసారి చెప్పిన. ఇగ చెప్ప."

వాడు తలకాయ ఊపిండు. అవునక్కా, జబ్బే అన్నడు. అన్నేండ్లల్ల వాని అనుమానం నిజమైంది ఆ ఒక్కసారే. దాని గొంతు నేను వాని చేతనే పిసికిచ్చిన. డాక్టర్ మంచికి చెప్పిన మాటనే దానికి వాడుకున్న. ఎట్ల నోరొచ్చింది నాకు?

గోలీ ఆపినంక కండ్లు తిరిగినయి, కడుపుల తిప్పింది, చెమటలు పట్టినయి. జబ్బు పోతాంది, ఓర్సుకో అన్న. కూటంల వాడు మైకు పట్టుకొని, మందు లేకుంటనే మంచిగున్న అని వణుక్కుంట సాక్ష్యం చెప్పిండు. జనం ఏడ్సిన్రు. నేను గూడ ఏడ్సిన.

నెలన్నరకు అంతా మళ్ళ మొదలైంది. గీసిన గీతనే చెరిపి గీసుడు, ఆఫీసుకు మధ్యాహ్నం పోవుడు. నౌకరీ పోయింది, కమఠాణల మా ఇంటికొచ్చి కూసున్నడు. నాలుగేండ్లు. ఆ నాలుగేండ్లల్ల మళ్ళ డాక్టర్ దగ్గరికి పోదామని నేను ఒక్కనాడు అనలే, ఎందుకంటే ఎవ్వరు ఆపమన్నరని ఆయన అడుగుతడు గదా. ఆఖరికి మా అమ్మనే బీదర్‌ల వేరే డాక్టర్‌కు చూపిచ్చింది. ఆయన గూడ అదే గోలీ రాసిండు. ఈసారి సగమే తగ్గింది. ఇప్పుడు వాడు ఒక జిరాక్స్ దుకాణంల పని చేస్తాండు.

నన్ను ఒక్క మాట అనలే. వాడు అనుకునేది వేరే. మందు లేకుంటనే మంచిగున్న అని జనం ముంగట చెప్పి మళ్ళ మందు మింగుతున్న, దేవుని పేరు మీద అబద్ధ సాక్ష్యం పలికిన అనుకుంటడు. అందుకని చర్చిల ప్రభు భోజనం ముడుతలేడు. రొట్టె పళ్ళెం వస్తే పక్కకు జరుపుతడు. పక్కన కూసునేది నేను. నేను తీసుకుంట. తీసుకోకుంటే ఎందుకని అడుగుతరు గదా.

వానికి చెప్తనా? పొద్దున లేసి చెప్తననుకుంట, వాని మొకం చూసి చాయ్ ఇచ్చి ఊకుంట. చెప్తే ఏమంటడో తెల్వదు. అక్కను గూడ నమ్మొద్దా అని అడుగుతడేమో, ఎన్నిసార్లు అడుగుతడో.

ఇంత రాసేసరికి నాకైతే జర ఊపిరాడుతాంది. దానికి గూడ సిగ్గైతాంది. గోలీ ఆపమని డాక్టర్ అనలే, నేనన్న. అబద్ధ సాక్ష్యం పలికింది నేను, సుధాకర్ గాదు.