అవ్వ వేలికి సిరా

ఎమ్మెల్యే చనిపోయి మా పక్క నియోజకవర్గానికి ఉప ఎన్నిక వచ్చిన ఏడాది, ప్రొద్దుటూరు బడిలో పనిచేస్తున్న నాకు మొదటిసారి ఎన్నికల డ్యూటీ పడింది. జమ్మలమడుగులో సామాన్లు తీసుకుని అవతల ఒక పల్లెకు పోయినాం. పులివెందుల నుంచి వచ్చిన లెక్కల సారు మా పోలింగు బూతుకు పెద్దాఫీసరు. ఓటర్ల వేలికి సిరా పూయడం నా పని. ఇంతేనా అనుకున్నాను.

అంతకు కొన్ని నెలల ముందే పెద్ద ఎన్నికలు జరిగినాయి. అప్పటి మరకలు జనం చూపుడువేళ్ళ మీద ఇంకా పోలేదు. అందుకని ఈసారి ఎడమచేతి నడిమి వేలికి పూయమన్నారు. వచ్చినవాళ్ళంతా అలవాటుగా చూపుడువేలే చాపుతుంటే, "అది కాదు, పక్కది" అని చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

పదిగంటలప్పుడు గొర్లు మేపే ఒక అవ్వ వచ్చింది. ఆమె నడిమి వేలికి పసుపు గుడ్డ లావుగా చుట్టి ఉంది.

"ఏమైందవ్వా?"

"పొట్టేలు తాడు గుంజె. వేలు నలిగిపాయ."

గుడ్డ కొంచెం పక్కకు జరపమన్నాను.

"జరపను. ఇప్పుడిప్పుడే నొప్పి తగ్గతాంది. ఆ పక్క వేలికి పుయ్యి పాపా."

అంతలో ఒక పార్టీ ఏజెంటు లేచినాడు. "అట్ట కుదరదు మేడం. నడిమి వేలికే పూయల్ల."

"నీకు పడే ఓటు కాదని లేస్తాండావా?" అంటూ రెండో పార్టీ ఏజెంటూ లేచినాడు.

లైను ఆగిపోయింది. నేను సిరా పుల్ల పట్టుకుని మా సారు వైపు చూసినాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని రూల్సు పుస్తకం తిరగేస్తున్నాడు గానీ, కావలసిన పేజీ ఎంతకీ దొరకలేదు.

అవ్వ ఏజెంట్లిద్దరినీ ఎగాదిగా చూసింది. "ఏందప్పా, ఓటేసేది నేనా, నా వేలా? పోయిన వారమంతా ఇద్దరూ నా కాళ్ళు పట్టుకుంటిరి. ఈ పొద్దు వేలు గూడా పట్టుకుంటారా?"

గదంతా నవ్వింది. సారు పుస్తకం మూసి, "ఉంగరం వేలికి పూయండి, నేను రాసి పెడతా. మీకిద్దరికీ సమ్మతమేనా?" అన్నాడు. పొద్దున్నుంచి ఒకరి మొహం ఒకరు చూడని ఆ ఇద్దరూ ఒకేసారి తలూపినారు.

నవ్వు ఆపుకోలేక గోరుతో పాటు సగం వేలికి పూసేసినాను. అవ్వ ఓటేసి వచ్చి, వేలు ఊదుకుంటా నా దగ్గర నిలబడింది.

"పాపా, ఈసారి గెలిచేటోనికి చెప్పు. ఐదేండ్లూ గట్టిగా బతకమను. ఊరికూరికే గొర్లనిడిచిపెట్టి రావాలంటే నాతో కాదు."

చెప్తానని మాటిచ్చినాను. గెలిచినాయన ఆ మధ్య మా బడి వార్షికోత్సవానికి వచ్చినాడు. దండ వేసేటప్పుడు, "ఆరోగ్యం జాగ్రత్త సార్" అన్నాను. ఆయన నన్ను వింతగా చూసి, తనకున్న ఏదో జబ్బు నాకు తెలిసిపోయినట్టు గుండె తడుముకున్నాడు.