గండికోట చూడని మైమూన్

జమ్మలమడుగులో గండికోట చూడనివాళ్లు ఎందరని నన్నడిగితే సగం ఊరు అంటాను. ఎక్కడెక్కడివాళ్లో కార్లేసుకుని వచ్చి, పెన్నా లోయ అంచున నిలబడి ఫొటోలు దిగి వెళ్లిపోతుంటారు. పక్కనే ఉన్న మేం మాత్రం ఎప్పుడైనా పోవచ్చులే అనుకుంటూ ముసలివాళ్లమైపోతాం. పులివెందులలో గుమాస్తాగా చేసి రిటైరైన నేను చూసింది ఒక్కసారే, అదీ బడికి పోయే రోజుల్లో. మా పక్కింటి మైమూన్ సంగతి ఇంకా వేరు. ఆమె కోటను చూడకపోవడమే కాదు, అందులోనే పుట్టి పెరిగానని చెప్పుకుంది.

చెప్పుకున్నది మాకు కాదులెండి, కువైట్‌లో. భర్త నాపరాళ్ల గనిలో పనిచేసి, ఊపిరితిత్తులు చెడి చనిపోయాక, నాలుగేళ్ల కొడుకు మున్నాను అత్త చేతిలో పెట్టి అక్కడికి ఇంటిపనికి వెళ్లింది. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి వచ్చేది. వచ్చినప్పుడల్లా పిల్లాడు కొత్త మనిషిని చూసినట్టు బెదిరి, మా ఇంట్లో దూరి కూర్చునేవాడు. ఆమె పూర్తిగా తిరిగొచ్చేసరికి వాడు ఆటో నడుపుతున్నాడు. కోటకు టూరిస్టులను తిప్పడమే వాడి బేరం. తల్లికి ఏ లోటూ చేయడు కానీ, మాట మాత్రం ఉండదు. "అన్నం తింటావా?" అంటే "తిన్నా" అంటాడు, అంతే. వినే నాకే ఒళ్లు మండేది.

పోయిన చలికాలంలో ఒకనాడు మైమూన్ మా వంటింటి గడపలో వచ్చి కూలబడింది.

"అక్కా, నా పరువు పోతాండాది."

"ఏందే, ఏమైంది?"

"నూరా వస్తాండాది. వాళ్ల నాయనకు ఆపరేషనని బెంగళూరుకు వచ్చినారంట. నీ కోట చూపియ్యి అంటాండాది."

నూరా అంటే కువైట్‌లో ఈమె చేతుల మీద పెరిగిన పిల్ల.

"వస్తే చూపియ్యి. దానికి ఏడుపెందుకు?"

"నా ఇల్లు కోట లోపలే అని చెప్పినానక్కా. కత చెప్పకుంటే ఆ పిల్ల పండుకునేది కాదు. నాకేం కతలొస్తాయి? పెండ్లైన కొత్తలో మా ఆయన కోట గురించి చెప్పిన నాలుగు ముక్కలకు నావి నలభై కలిపినా. ఇప్పుడు ఆడికి పోతే నాకు దావ కూడా తెలీదు. ఆ పిల్ల ముందర అబద్ధాలకోరునైపోతా."

"మున్నాను అడుగు. రోజూ పోయేటోడే గదా."

"వానికి ఏ ముఖం పెట్టుకోని చెప్పేది? నువ్వు రా అక్కా, చదువుకున్నదానివి."

చదువుకుంటే కోట తెలుస్తుందా, నా బొంద! అయినా ఆమె అవస్థ చూడలేక సరేనన్నాను.

ఆదివారం నూరా వచ్చింది. కారు దిగుతూనే మైమూన్‌ను వాటేసుకుని భోరుమంది. వెంట వచ్చిన అన్నను కారులో వెనక రమ్మని, తను మున్నా ఆటోలో మా ఇద్దరి మధ్య ఇరుక్కుని కూర్చుంది. దారి పొడుగునా అరబ్బీలో ఒకటే మాటలు, నవ్వులు. మున్నా అద్దంలోంచి చూస్తూనే ఉన్నాడు. తల్లి అంతగా నవ్వడం వాడెప్పుడు చూశాడు గనక! అన్నాళ్లూ వాడి మీద కోపంగా ఉన్న నాకు ఆ క్షణాన జాలేసింది.

కోట వాకిలి దాటగానే నూరా ఏదో అడిగింది. మైమూన్ మసీదు వైపు చూసి, గుడి వైపు చూసి, నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను.

"జొన్నలు పోసే పెద్ద ఇల్లు యాడ అంటాండాది" అంది మైమూన్ నీరసంగా.

మున్నా ముందు నడిచి మమ్మల్ని ధాన్యాగారంలోకి తీసుకెళ్లాడు. నూరా లోపల నిలబడి కేకేసింది. కేక తిరిగి రాగానే చంటిపిల్లలా చప్పట్లు కొట్టింది. ఒక గండం గడిచింది అనుకున్నాను.

అక్కణ్నుంచి లోయ అంచుకు పోయాం. కిందెక్కడో పెన్న, రెండు పక్కలా నిలువునా ఎర్రటి బండలు. "యా అల్లా, ఇంతుందా!" అని మైమూన్ పైకే అనేసింది. మోచేత్తో ఒక్క పోటు పొడిచాను. సొంత ఇంటిని చూసి ఎవరైనా నోరెళ్లబెడతారా?

నూరా మళ్లీ ఏదో అడిగింది. ఈసారి మైమూన్ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమంటాండాది?" అన్నాడు మున్నా.

"ఏం లేదు లేరా."

నూరాకు ఓపిక చాల్లేదు. నేరుగా మున్నా వైపు తిరిగి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అంది. "మున్నా... మేక... మెట్లు... యాడ?"

అచ్చం మా ఊరి యాస! నేను అదిరిపడ్డాను. "ఈ పిల్లకు తెలుగెట్లొచ్చెనే?"

"మన మాట మాట్లాడేదానికి ఆ ఇంట్లో నాకెవరుండారక్కా, పండుకునే పిల్ల తప్ప" అంది మైమూన్.

"అది సరే. మేక ఏంది? నా పేరెందుకొచ్చింది?" అన్నాడు మున్నా.

ఇక దాచడానికి లేదు. మైమూన్ తల దించుకుని చెప్పింది. ఆ కతల్లో కోటలో ఒక పిల్లోడుంటాడు. వాడి పేరు మున్నా. వాడికో తెల్ల మేక. రాజు భటులు తరిమితే జొన్నల్లో దాక్కుంటాడు. మేక మీదెక్కి, ఎవరికీ తెలియని మెట్ల మీదుగా లోయలోకి దిగి పెన్నలో నీళ్లు తాగొస్తాడు.

"ఆ పిల్ల పెద్దదైనా కతలు ఆపలేదురా. నీ పేరు పలకకుంటే నాకు నిద్ర రాకపాయె" అంది.

మున్నా లోయ వైపు తిరిగి నిలబడ్డాడు. మెట్లూ లేవు, మేకా లేదు, మాయమ్మ ఈ కోటలో కాలు పెట్టడం ఇదే మొదలు అని వాడు ఒక్క మాటంటే చాలు, మైమూన్ బతుకంతా ఆ పిల్ల ముందు అబద్ధమైపోతుంది. అనడానికి వాడికి హక్కు కూడా ఉంది.

వాడు చొక్కా చేతితో ముఖం తుడుచుకుని నూరా పక్కకు వచ్చాడు. మేం నిలబడ్డ వైపే కాస్త దూరాన బండల మధ్య ఒక నెర్రెను వేలుతో చూపించాడు.

"అదో, ఆడ. నేనూ, మేకా ఆడనే దిగుతాంటిమి. ఇప్పుడు రాళ్లు పడి మూసుకపాయె."

మైమూన్ ఆ మాటను అరబ్బీలో చెప్పబోయి, సగంలోనే ఏడ్చేసింది. నూరా ఆ నెర్రెకు ఎన్ని ఫొటోలు తీసిందో లెక్కలేదు. తర్వాత మున్నాను పక్కన నిలబెట్టి ఇంకొన్ని తీసింది.

నూరా వాళ్లు అటునుంచి అటే బెంగళూరుకు వెళ్లిపోయారు. మేం పొద్దుగూకేసరికి ఇల్లు చేరాం. నేను ఆటో దిగాను. వాళ్లిద్దరూ దిగలేదు.

"మా" అన్నాడు మున్నా వెనక్కి తిరక్కుండానే.

"ఏంరా?"

"ఆ భటులు జొన్నల్లో పిల్లోన్ని పట్టుకున్నారా, లేదా?"

"చెప్తా గానీ, ముందు అన్నం తిందువు రా."

"తింటా వింటాలే. మొదట్నుంచి చెప్పు."