సోమక్క ల్యాప్‌టాప్, సీతారాములు తువ్వాలు

ఇనుపగనుల ఊరు కిరండూల్ బజారులో ఫ్లెక్సీ దుకాణం వెనకగదిలో ఏళ్లకేళ్లు కూర్చున్నాక సోమక్కకు మనుషుల పళ్లంటేనే రోత పుట్టింది. బ్యానరెక్కే ప్రతివాడి పళ్లూ తెల్లగా చెయ్యాలి. గుట్కాతో గారపట్టిన నాయకుడి పళ్లు, ఆయన పుట్టినరోజుకు దండాలు పెట్టే చెంచాల పళ్లు, గనిలో లారీలు తిప్పే కాంట్రాక్టరు బామ్మర్ది పళ్లు. ఇంకొంచెం తెలుపు, ఇంకొంచెం అంటూ దుకాణం సేఠు కుర్చీ వెనక నిలబడి మెడ మీద ఊపిరి వదిలేవాడు. ఆ ఊపిరి కూడా గుట్కా కంపే. ఒంట్లో జ్వరమన్నా, ఇంట్లో చుట్టాలన్నా, ఎవడివో పళ్లు తెల్లబడేదాకా ఆమెను లేవనిచ్చేవాడు కాదు. చివర్లో బ్యానరు కింద తన దుకాణం పేరు మాత్రం పెద్దక్షరాలతో వేయించుకునేవాడు.

ఇంటి దగ్గర కూర్చుని తన పని తను చేసుకోవాలి. సోమక్క కోరిక అదొక్కటే. అందుకు ఒక ల్యాప్‌టాప్ కావాలి, అది తన చేతికందే ధరలో ఉండాలి.

పని ఆమెకు తండ్రి నుంచి వచ్చింది. అప్పయ్య ఎర్రబోరు ఊళ్లో రోడ్డు పక్కన బోర్డులు రాసే పెయింటరు. కిరాణా కొట్టయినా సైకిల్ షాపయినా ఆయన కుంచె కిందికి రావలసిందే. ఆయన అక్షరాలకు అంచులు గీస్తే పిల్ల సోమక్క లోపల రంగు నింపేది. తెలుగు, హిందీ రెండూ అట్లాగే చేతికొచ్చాయి. రంగు కలిపేటప్పుడు అప్పయ్య భుజం మీది తెల్లతువ్వాలు తీసి డబ్బా పక్కన పరిచేవాడు. పక్కన తెలుపు పెట్టుకుని చూడందే ఏ రంగునూ నమ్మొద్దని కూతురికి చెప్పేవాడు. అడవిలో పోరు ముదిరి ఊళ్లు తగలబడిన రోజుల్లో ఆ కుటుంబమూ మూటలు కట్టుకుని ఇనుపకొండ కిందికి వచ్చి పడింది. కుంచెలు అక్కడే పోయాయి. తువ్వాలు పరిచే అలవాటు సోమక్కతో వచ్చింది.

మొగుడు సీతారాములు ఆ లారీల కాంట్రాక్టరు కిందే ముడిఇనుము లోడింగు దగ్గర కూలి. అతని పనిబట్టలు గడప దాటి లోపలికి రావు. అవి ఎర్రగా ఉంటాయని అందరికీ తెలుసు, వాటి బకెట్టు వేరు, వాటి తాడు వేరు. ఇంటిబట్టలకు మరో బకెట్టు, మంచి సబ్బు, నీలిమందు. వాటిలోనూ ఒక తువ్వాలుంది. చుట్టాలింటికి పోయేటప్పుడే సీతారాములు భుజాన వేసుకుంటాడు, మిగతా కాలమంతా పెట్టెలోనే. ఆ ఇంట్లో దానికంటే తెల్లనిది లేదని సోమక్క గర్వం.

చిట్టీ పాడుకున్న రోజు తువ్వాలు సంచిలో పెట్టుకుని జగ్దల్‌పూర్ బండెక్కింది.

కంప్యూటర్ల దుకాణంవాడు ముందుగా మీటల కింద రంగురంగుల దీపాలు వెలిగేదాన్ని ముందు పెట్టాడు. దీని మీద ఆటలు ఎగిరి గంతేస్తాయి దీదీ అన్నాడు. తను ఆడేదాన్ని కాదని, పెళ్లిపత్రికలు, బ్యానర్లు చేసేదాన్నని సోమక్క చెప్పింది. దీపాల ధర తనెందుకు కట్టాలి? ఆమెకు కావలసినవి రెండే. పందిరంత ఫ్లెక్సీ ఫైలు తెరిస్తే మధ్యలో బిగుసుకుపోకూడదు. తెర మీద రంగు నిజం చెప్పాలి.

ఆమె డబ్బుకు రెండు తూగాయి. ఒకటి ఏదో ఆఫీసువాళ్లు వాడి అమ్మేసింది. మూతంతా గీతలు, సన్నెకల్లంత బరువు. రెండోది కొత్తది, పలచన, మెరుపు. పెన్‌డ్రైవులో తెచ్చుకున్న పెద్ద ఫైలు రెండింట్లోనూ తెరిచింది. రెండూ తట్టుకున్నాయి. ఇక తెరల వంతు. రెండిట్లోనూ ఖాళీ తెల్లపేజీ తెరిపించి, బల్ల మీద తువ్వాలు పరిచింది. పాతదాని తెలుపు తువ్వాలు పక్కన నీళ్లు కలిపిన పాలలాగా నీలంగా తేలింది. కొత్తదాని తెలుపు తువ్వాలులో కలిసిపోయింది. ఎంత బాగా కలిసిందంటే, ఇంట్లో నీలిమందు పెట్టి జాడించి తాడు మీద వేసినట్టే అనిపించింది ఆమెకు. కొత్తదే కట్టించుకుంది.

మీ కన్ను మంచిది దీదీ అన్నాడు దుకాణంవాడు. కొన్న ప్రతివాళ్ల కన్నునూ మెచ్చుకునేవాడే వాడు.

సేఠుకు దండం పెట్టి ఇంటికొచ్చేశాక మొదట తగిలింది కుంట ఊరి వైపు తెలుగువాళ్ల పెళ్లి. పందిరి ముందర కట్టే ఫ్లెక్సీ. పెళ్లికొడుకు, పెళ్లికూతురు మొహాలు తెర మీద జ్వరమొచ్చినట్టు ఎర్రగా కనబడితే, ఫోటో తీసినవాణ్ణి తిట్టుకుంటూ ఎరుపు తగ్గించింది. ఇంకా తగ్గించింది. మల్లెలకు, పసుపుబట్టలకు అంత ప్రేమా పోసింది. ఫైలు జగ్దల్‌పూర్ ప్రెస్సుకు పంపింది.

పందిరి దగ్గర ఫ్లెక్సీ విప్పితే పెళ్లికొడుకు చెరువులోంచి తీసినవాడిలా ఉన్నాడు. పెళ్లికూతురి పెదాలు నీలం. పసుపుబట్టలు పాచి పట్టినట్టున్నాయి. పెళ్లికొడుకు తల్లి తానే కుర్చీ ఎక్కి తాళ్లు తెంపి దాన్ని కిందికి లాగింది. “మేం పెళ్లి చేస్తున్నమా, దినం చేస్తున్నమా?” అని సోమక్కకు ఫోను చేసి అరిచింది.

సంగతి కిరండూల్ బజారుకు పాకింది. సేఠు ఊరికే ఉంటాడా? సోమక్క చేతిలో పడితే బతికినోళ్లు కూడా పోయినోళ్లయితరని వచ్చినవాడికల్లా చెప్పి నవ్వాడు. వచ్చినవాళ్లూ నవ్వారు. ఇంటి గడప తొక్కినవాడు లేడు. పాత కుర్చీ ఖాళీగానే ఉందని సేఠు రెండుసార్లు కబురు పంపాడు.

సోమక్క తగాదాకే జగ్దల్‌పూర్ పోయింది. దుకాణంవాడు కొత్త కాగితాల కట్ట చింపి ఒక తెల్లకాగితం తీసి తెర పక్కన పెట్టాడు. తెర గులాబీగా ఉంది.

“ఏందిది? ఇంత ఎరుపుదాన్ని నాకెట్ట అంటగట్టినవు?” అంది సోమక్క. నువ్వే ఏరుకున్నావు కదా దీదీ అన్నాడు వాడు. ఆమె సంచిలోంచి తువ్వాలు లాగి కాగితం మీద పడేసింది, వాడి మొహాన కొట్టినంత పని చేస్తూ.

కాగితం తెల్లగా ఉంది. తెర గులాబీగా ఉంది. తువ్వాలు అచ్చం తెర రంగే.

వాడు నవ్వాడు. “తెర మాట తర్వాత. ఇది తువ్వాలా దీదీ, ఇటుకా?”

పాత బరువుదే తెలుపును తెలుపుగా చూపించిందని అప్పుడు తెలిసింది. అదింకా అమ్ముడుపోలేదు. తనదిప్పుడు వాడినది కాబట్టి, పైన కొంత కడితేనే మార్చి ఇస్తాడట. ఆ కొంత సోమక్క దగ్గర లేదు.

తిరుగుబండిలో ఒళ్లో తువ్వాలు పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా ముడిఇనుము నింపుకున్న గూడ్సుబండి విశాఖపట్నం వైపు పోతోంది, పెట్టె వెనక పెట్టె, తరగదు. కొండను తవ్వి కొండంత ఎత్తుకుపోయేవాళ్లు పోతూ పోతూ మసిలాగా రాల్చిపోయిందే ఈ ఎరుపు. ఏటా సున్నం వేసే తన గోడలు ఏ రంగులో ఉన్నాయో ఇప్పుడు గుర్తుకొచ్చింది. బడి పిల్లల చొక్కాలు. పొద్దున్నే సీతారాములు దగ్గి ఉమ్మే ఉమ్మి. ఇన్నేళ్ల సబ్బులు, ఇన్నేళ్ల నీలిమందు, ఈ రెక్కలు, అంతా ఎవడి మురికికి పోసినట్టు? ఇల్లు లాక్కున్నారు, కూలి కోశారు, అది తెలిసిందే. చివరికి తెల్లనిదంటే ఏమిటో కూడా మనిషి కంట్లోంచి గీకేసుకుపోయారు. కిటికీలోంచి ఉమ్మింది.

ఆ వారంలోనే లారీల కాంట్రాక్టరు దగ్గర పనిచేసే సూపర్‌వైజరు గడపలోకి వచ్చాడు. పర్యావరణ దినోత్సవం సభ ఉంది, వేదిక వెనక గోడంత బ్యానరు కావాలి. సేఠు దగ్గర మొన్ననే చేరినవాడికి చేతకాలేదట. ఫోటోలో వాగు ఒడ్డున కాంట్రాక్టరు మొక్క నాటుతూ పళ్లన్నీ చూపిస్తున్నాడు. వెనక వాగు తుప్పు కడిగిన నీళ్లలా ఎర్రగా పారుతోంది. నీళ్లు నీలం చెయ్యాలి, సార్ పళ్లు తెల్లగా చెయ్యాలి. ఇస్తానన్న మొత్తం ల్యాప్‌టాప్ మార్పిడికి సరిగ్గా సరిపోతుంది. సోమక్క ఒప్పుకుంది. ఒప్పుకోక?

ఈసారి తెర పక్కన కొత్త తెల్లకాగితం పెట్టుకుంది. ఎంత తేడా వస్తుందో చూసుకుంటూ నీళ్లకు నీలం ఎక్కించింది. మధ్యలో ఆకాశం నీడ కూడా వేసింది. పని బాగా కుదురుతోంది.

పక్కింట్లో ఉండే కోసి అనే ఆమె ఫోను ఛార్జింగు పెట్టుకోవడానికి వచ్చింది. కొండ దిగువన ఉన్న ఊరు ఆమెది, కూలికి ఇక్కడికొచ్చి ఉంటోంది. సగం గోండీ, సగం తెలుగు కలిపి ఇద్దరూ మాట్లాడుకుంటారు. తెర వంక చూసి, ఇది ఏ ఊరు అక్కా అని అడిగింది. మీదే అంది సోమక్క. కోసి నమ్మలేదు. దగ్గరికొచ్చి వంగి చూసింది. బట్టలు బాదే బండ మీద వేలు పెట్టింది.

“బండ మాదే. నీళ్లు ఎవరివి?”

వెక్కిరింపు కాదది, నిజంగానే అడిగింది. తర్వాత తనే చెప్పుకుపోయింది. పశువులు వాసన చూసి మళ్లిపోతాయని, తాగడానికి ఒడ్డున ఇసుకలో గుంత తవ్వి ఊరేదాకా కూర్చుంటారని. ఫోను ఛార్జింగు కాకముందే తీసుకుని వెళ్లిపోయింది.

సోమక్క చాలాసేపు ఆ నీలాన్ని చూసింది. సేఠు ఊపిరి మెడ మీద తగిలినట్టయింది. సేఠు లేడు, ఇల్లు తనది, కుర్చీ తనది, చేస్తున్నది మాత్రం ఆ గుట్కా పళ్లు తోమే పనే. ఇంటికి తెచ్చుకుని మరీ తోముతోంది. థూ అనుకుంది, తనను తనే. చేసిన మార్పులు ఒక్కొక్కటీ వెనక్కి తీస్తూ పోయింది. ఆకాశం నీడ పోయింది. నీలం పోయింది. వాగు ఎర్రగా తిరిగొచ్చింది. పళ్లను కూడా వదల్లేదు, గారతో సహా వెనక్కి తెచ్చింది.

సాయంత్రం పని నుంచి వచ్చిన సీతారాములు గుమ్మంలో నిలబడే చూశాడు. “వాళ్లు ఊరుకుంటరానే? నా కూలి మీదికి వస్తది” అన్నాడు. అతను బయటికి పోయి పనిబట్టలు విప్పి, ఒళ్లు కడుక్కుని, దగ్గి, మళ్లీ వచ్చి తెర ముందు కూర్చున్నాడు. “పంపు” అన్నాడు.

ఫైలు నేరుగా ప్రెస్సుకు పోయింది. బ్యానరు సభ పొద్దున దిగింది, హడావుడిలో మడత విప్పి చూసినవాడు లేడు. తాళ్లు లాగి కట్టేటప్పటికి జనం వచ్చేశారు. ఎర్రటి వాగు ముందు ఎర్రటి పళ్లతో కాంట్రాక్టరు, అదే వాగు తాగి మూతి తుడుచుకోవడం మరిచినవాడిలా నవ్వుతున్నాడు. ముందు ఎవరో కిసుక్కుమన్నారు. ఊళ్ల నుంచి లారీల్లో తోలుకొచ్చిన జనంలో ఒకామె లేచి అది మా రేవే అని చూపించింది. తర్వాత చాలామంది లేచి చూశారు.

సూపర్‌వైజరు మధ్యాహ్నానికల్లా సోమక్క ఇంటికొచ్చాడు. నోటికొచ్చినట్టు తిట్టాడు, నీలం చెయ్యమంటే ఎందుకు చెయ్యలేదని అడిగాడు. సోమక్క లేవకుండా ల్యాప్‌టాప్‌ను అతని వైపు తిప్పింది.

“నా తెరకు ఎరుపు జబ్బని మీకు తెల్వదా సారూ? పెళ్లికొడుకు కథ చెప్పుకొని మీరంతా నవ్విన్రు గదా. ఈ వాగు ఎరుపు కూడా తెరదే అనుకున్న. మీ సారు మొక్కలు నాటే కాడ నీళ్లు నీలంగనే ఉంటయి గదా అని ముట్టుకోలే.”

పెళ్లికొడుకు కథ అతనూ చెప్పి నవ్వినవాడే. డబ్బు ఇవ్వకుండా పోయాడు.

ల్యాప్‌టాప్ మారలేదు. తెర ఇప్పటికీ గులాబీదే. దాని పక్కన ప్లాస్టిక్ కవరులో పెట్టిన తెల్లకాగితం గోడకు అంటించి ఉంటుంది, వారానికోసారి మారుస్తుంది. ఆ తేడా లెక్క చూసుకునే చేస్తుంది పెళ్లిపత్రికలు, నామకరణం కార్డులు. వచ్చేవాళ్లు కొద్దిమందే. సేఠు కబుర్లు ఆగిపోయాయి. సీతారాములును లోడింగు నుంచి తీసి, అన్నిటికంటే ఎక్కువ దుమ్ము లేచేచోట వేశారు.

దించి పారేసిన బ్యానరును పక్కింటి కోసి ఏరుకొచ్చి తన పాకకు కప్పుకుంది. కాంట్రాక్టరు మొహం ఆకాశం వైపు ఉంది. రోజూ కొండ మీది దుమ్ము వచ్చి ఆ పళ్ల మీదే పడుతుంది. వాకిట్లో బట్టలారేసేటప్పుడు సోమక్కకు అది కనబడుతుంది. ఇంటి తాడు మీద తువ్వాలును మాత్రం ఆమె ఇక తెల్లనిదనదు.