మా మేనత్త ఆమేన్ అనలేదు

మొన్న మా తమ్ముడి భార్య ఫోను చేసి, ఎలా ఉన్నావనైనా అడక్కుండా, "వదినా, వచ్చే నెల్నించి నువ్వు ఖాళీయే కదా! పిల్లల్ని స్కూలు ఆటో ఎక్కించడం నీకొదిలేస్తన్నాను" అంది. ఖాళీయట! నేనేమైనా టు-లెట్ బోర్డు తగిలించిన కొంపనా? ఉద్యోగం ఇంకా వదలనేలేదు, అప్పుడే నా పొద్దుటిపూట పోయింది. రిటైరయ్యేవాళ్లు మనసును సిద్ధం చేసుకోవాలని మా ఆఫీసులో ఒక క్లాసు కూడా పెట్టారు. ధ్యానం చెయ్యమన్నారు, మొక్కలు పెంచమన్నారు. సొంతవాళ్లకి కాదని ఎలా చెప్పాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. అది నేను మా మేనత్త దగ్గరే చూశాను.

మేనత్త మా నాన్నకి అప్ప, అంటే అక్క. ప్రభుత్వాసుపత్రిలో నర్సు. పెళ్లి చేసుకోలేదు. చోడవరంలో మా వీధి చివరే, చెరుకు ట్రాక్టర్ల దుమ్మంతా మింగే ఇంట్లో ఉండేది. ఆవిడ రిటైరైనప్పుడు మా చర్చి ఆనవాయితీ ప్రకారం ఇంటిముందు షామియానా వేసి కృతజ్ఞతా కూడిక పెట్టాం. వెనక పెరట్లో బిరియానీ ఉడుకుతోంది. వచ్చినవాళ్లలో సగంమంది పెద్దక్షరాల బైబిలే బహుమతిగా తెచ్చారు. ఆవిడకి చూపు ఆనడం లేదని వీళ్లకెవరు చెప్పారో!

మావాళ్లలో ఒక దుర్మార్గపు అలవాటుంది. ఎదురుగా అడగలేని పనిని ప్రార్థనలో పెట్టేస్తారు. కళ్లు మూసుకుని దేవుడికి చెబుతున్నట్టే చెప్పి, మనిషి మెడకి చుట్టేస్తారు. ప్రార్థన మధ్యలో కాదనే మొనగాడెవడు? పాస్టరు అయ్యగారు మొదలుపెట్టారు. "ప్రభువా, ఈ సహోదరికి తీరిక దయచేసినందుకు స్తోత్రం. ఇకమీదట సండే స్కూలును ఆమె చూచుకొనును గాక. రావికమతంలో మంచాన ఉన్న పినతల్లిని కనిపెట్టుకొనును గాక. తమ్ముని మనవలను..." ఇవన్నీ ఆయన చెవిలో వేసింది మా నాన్నే. ప్రతి మాటకీ షామియానా అంతా ఆమేన్, ఆమేన్ అంటోంది. ఒక్కరికైనా సిగ్గుండాలి కదా!

"ఆగండి అయ్యగారూ" అంది మేనత్త. మూసుకున్న కళ్లన్నీ తెరుచుకున్నాయి. "అందరూ ఆమేనన్నారు. నేనన్లేదు."

నాన్న మొహం ఎర్రబడింది. "అప్పా! ప్రార్థన మద్దిలో మాటలేటి?"

"నా రోజుల్ని నా ముందే పంచీసుకుంటంటే ఊరుకోమంటావేట్రా?"

"మరి ఇంట్లో కూకుని ఏటి సేస్తావు?"

"నాకు తెల్దు. ఏటి సేస్తానో సూసుకోడానికే కావాలంటన్నాను."

బిరియానీ మాత్రం అందరూ శుభ్రంగా తిన్నారు. ఆవిడతో ఎవరూ మాట్లాడలేదు. గర్వమన్నారు, భక్తి లేదన్నారు. రిటైరైన మగాళ్లు పొద్దస్తమానం టీకొట్టు దగ్గర కబుర్లు చెప్పుకుంటుంటే, వాళ్ల తీరికకి ఏ ప్రార్థనలోనూ ఎవరూ పని పురమాయించరు.

మర్నాడు పొద్దున్న వెళ్లాను. డ్యూటీ వేళకే స్నానం చేసి, తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని మంచం అంచున కూర్చుని ఉంది. కళ్లు తడిగా ఉన్నాయి.

"ఒసే, ఏటీ తోస్తం లేదే" అంది.

"పోనీ, ఆ సండే స్కూలైనా..." అన్నానో లేదో కస్సుమంది. "తోసకపోతే తోసకపోనీ. ఇదీ నాదే. ఇది కూడా ఎవరికో ఇచ్చీమంటావేటి?"

జీతానికి ఇచ్చేసిన కాలం ఎలాగూ తిరిగి రాదు; మిగిలిన పిడికెడు కాలం నాదని చెప్పుకోవడానికి కూడా, ఈ వయసులో, నలుగురి మధ్యా గొంతెత్తాల్సి రావడమే నాకు ఒళ్లు మండిస్తుంది.